ఫ్యూయల్ సెల్ కారు: విశ్వవిద్యాలయాలు ఇంకా ఏం వెతుకుతున్నాయి?

గత సంచికలో హైడ్రోజన్ వాహనాలపై వచ్చిన వ్యాసం చదివి చాలామంది పాఠకులు ఉత్తరాలు రాశారు. వాటిలో ఎక్కువ భాగం ఒకే సందేహం చుట్టూ తిరిగాయి: హైడ్రోజన్‌తో కరెంటు పుట్టించుకొని నడిచే ఫ్యూయల్ సెల్ కార్లను కంపెనీలు ఇప్పటికే అమ్ముతుంటే, ఇన్ని దేశాల విశ్వవిద్యాలయాలు వాటి మీద ఇంకా పరిశోధనలు చేయడమెందుకు? ఒకే తీరు ప్రశ్నలను కలిపి, విషయాన్ని బట్టి కొన్నింటికి వివరంగానూ, కొన్నింటికి క్లుప్తంగానూ ఇక్కడ జవాబులిస్తున్నాం.

ప్రశ్న: ఫ్యూయల్ సెల్‌ను 1839లోనే కనిపెట్టారని మా పాఠ్యపుస్తకంలో ఉంది. దాదాపు రెండు వందల ఏళ్ల నాటి సూత్రంలో పరిశోధించడానికి ఇంకేం మిగిలి ఉంటుంది? (ఇంజనీరింగ్ విద్యార్థిని, కాకినాడ)

జవాబు: సూత్రంలో మిగిలింది తక్కువే. వేల్స్‌కు చెందిన విలియం గ్రోవ్ ఆమ్లంలో ముంచిన ప్లాటినం రేకుల దగ్గరకు హైడ్రోజన్‌ను, ఆక్సిజన్‌ను చేర్చి కరెంటు పుట్టించారు. నేటి కార్లలో ఆ ఆమ్లం స్థానంలో పలచని పాలిమర్ పొర ఉంటుంది. పొరకు ఒక పక్క, అంటే ఆనోడ్ దగ్గర, హైడ్రోజన్ ప్రోటాన్లుగా, ఎలక్ట్రాన్లుగా విడిపోతుంది. ప్రోటాన్లు పొరలోంచి అవతలికి వెళతాయి. ఎలక్ట్రాన్లకు ఆ దారి లేదు కనుక అవి బయటి తీగల మీదుగా, మోటారును తిప్పుతూ, చుట్టూ తిరిగి పొరకు రెండో పక్కనున్న కాథోడ్‌కు చేరతాయి. అక్కడ గాలిలోని ఆక్సిజన్‌తో కలిసి నీరు తయారవుతుంది. ఇక్కడ మంట లేదు, పిస్టన్లు లేవు.

అయితే ఒక సెల్ సిద్ధాంతపరంగా 1.23 ఓల్టులు ఇవ్వాలి. కరెంటు బాగా లాగుతున్నప్పుడు అది 0.6 నుంచి 0.7 ఓల్టులకు పడిపోతుంది. అందుకే వందల సెల్‌లను ఒకదానిపై ఒకటి పేర్చి స్టాక్‌గా బిగిస్తారు. 2020 చివర వచ్చిన రెండో తరం టయోటా మిరాయ్ కారు స్టాక్‌లో 330 సెల్‌లున్నాయి. దాని సామర్థ్యం 128 కిలోవాట్లు. ఆ స్టాక్ ఒక్కటే కారును నడపలేదు. దానికి గాలినందించే కంప్రెసర్, తేమనిచ్చే ఏర్పాటు, వేడిని లాగే రేడియేటర్, మిగిలిపోయిన హైడ్రోజన్‌ను తిరిగి లోపలికి పంపే పంపు, వీటన్నిటినీ నడిపే కంప్యూటర్ కావాలి. 1966లో జనరల్ మోటార్స్ తయారుచేసిన ఎలక్ట్రోవ్యాన్ ఈ కష్టాన్ని కళ్లకు కట్టింది. ఆరుగురు కూర్చోవలసిన వ్యాన్‌లో ట్యాంకులు, పైపులు, సెల్‌లు అమర్చాక ఇద్దరికే చోటు మిగిలింది. సెల్ పనిచేస్తుందా అన్న ప్రశ్నకు అప్పటికే జవాబు దొరికింది. ఎండలోనూ మంచులోనూ, ట్రాఫిక్‌లోనూ ఘాట్ రోడ్డు మీదా, పదేళ్లపాటు, కొనగలిగే ధరలో అది పనిచేయాలంటే చుట్టూ ఉన్న వ్యవస్థ ఎలా ఉండాలన్నదే అరవై ఏళ్లుగా సాగుతున్న పరిశోధన. మీరు అడిగిన ‘ఇంకేం మిగిలింది’ అన్నదంతా అక్కడే ఉంది.

ప్రశ్న: పెట్రోలు ఇంజను తనకు కావలసిన గాలిని తానే పీల్చుకుంటుంది. ఫ్యూయల్ సెల్‌కు గాలి అందించడం అంత పెద్ద సమస్య ఎందుకయింది? దీని మీద ఏ విశ్వవిద్యాలయమైనా చెప్పుకోదగ్గ పని చేసిందా? (పాలిటెక్నిక్ అధ్యాపకుడు, వరంగల్)

జవాబు: మంచి ప్రశ్న అడిగారు. వ్యవస్థ పరిశోధన అంటే ఏమిటో చూపడానికి దీనికి మించిన ఉదాహరణ దొరకదు కాబట్టి కాస్త నిదానంగా చెప్పుకుందాం.

ముందు ఒక చిన్న లెక్క. మధ్యతరహా ఫ్యూయల్ సెల్ కారు 100 కిలోమీటర్లకు దరిదాపు ఒక కిలో హైడ్రోజన్ వాడుతుంది. ఒక కిలో హైడ్రోజన్‌కు 8 కిలోల ఆక్సిజన్ కావాలి; అంటే దాదాపు 35 కిలోల గాలి. కానీ సరిగ్గా అంతే పంపితే సెల్ చివరి భాగాలకు ఆక్సిజన్ అందదు కనుక, సాధారణంగా అవసరానికి రెట్టింపు గాలి పంపుతారు. ఆ లెక్కన వరంగల్ నుంచి హైదరాబాద్‌కు వెళ్లే కారు దారిలో ఒక క్వింటాలు గాలిని మింగుతుంది. దాన్నంతటినీ కంప్రెసర్ నొక్కి పంపాలి. ఆ కంప్రెసర్‌ను నడిపే కరెంటు కూడా స్టాకే ఇవ్వాలి. పూర్తి వేగంలో స్టాక్ పుట్టించిన కరెంటులో పదో వంతు, కొన్ని డిజైన్లలో అంతకన్నా ఎక్కువ, ఈ ఒక్క కంప్రెసరే తినేస్తుంది.

అసలు చిక్కు వేగంలో ఉంది. డ్రైవర్ యాక్సిలరేటర్ తొక్కగానే మోటారు అడిగే కరెంటు రెప్పపాటులో పెరుగుతుంది. కంప్రెసర్ చక్రం వేగం పుంజుకొని, పైపుల్లో పీడనం పెరిగి, గాలి సెల్‌లకు చేరడానికి అంతకన్నా చాలా ఎక్కువ సమయం పడుతుంది. ఆ మధ్యకాలంలో కాథోడ్ దగ్గర ఆక్సిజన్ కరువవుతుంది; ఓల్టేజీ కుప్పకూలుతుంది; ఇలా పదేపదే జరిగితే సెల్‌లు దెబ్బతింటాయి. పోనీ, కంప్రెసర్‌కు ఒక్కసారిగా ఎక్కువ కరెంటిచ్చి తొందరపెడదామంటే, ఆ కరెంటు స్టాక్ నుంచే రావాలి కనుక చక్రాలకు వెళ్లవలసిన శక్తి సరిగ్గా కావలసిన క్షణంలోనే తగ్గుతుంది.

అమెరికాలోని మిషిగన్ విశ్వవిద్యాలయంలో అన్నా స్టెఫనోపౌలూ, హ్యూయీ పెంగ్, వారి విద్యార్థి జే పుక్రుష్పన్ ఈ చిక్కును గణితంలోకి తెచ్చారు. 75 కిలోవాట్ల స్టాక్‌ను తీసుకొని, కంప్రెసర్ జడత్వం, పైపుల్లో గాలి నిండే తీరు, పొరలో తేమ, సెల్ ఓల్టేజీ, ఇవన్నీ క్షణక్షణానికి ఎలా మారతాయో లెక్కగట్టే నమూనాను రూపొందించారు. 2004లో వచ్చిన వారి పుస్తకంలోనూ, పరిశోధన పత్రాల్లోనూ తేల్చిన విషయాలు రెండు. ఆక్సిజన్‌ను నిలకడగా ఉంచడం, అడిగిన శక్తిని వెంటనే ఇవ్వడం అనే రెండు లక్ష్యాలూ ఒకే కంప్రెసర్ మీద ఆధారపడితే ఒకదానికొకటి అడ్డుపడతాయి. ఏ నియంత్రణ పద్ధతీ ఈ రాజీని పూర్తిగా తప్పించలేదు. రెండోది, గాలి ప్రవాహాన్ని మాత్రమే కొలిచి నియంత్రించడం కన్నా స్టాక్ ఓల్టేజీని కూడా గమనిస్తూ నియంత్రిస్తే లోపల ఏం జరుగుతోందో త్వరగా తెలుస్తుంది. ఫ్యూయల్ సెల్ కారులో ఒక చిన్న బ్యాటరీ కూడా ఎందుకుంటుందో దీన్నిబట్టి అర్థమవుతుంది. యాక్సిలరేటర్ తొక్కిన తొలి క్షణాల భారాన్ని బ్యాటరీ మోస్తే, గాలి చేరేదాకా స్టాక్‌కు ఊపిరి తిరుగుతుంది.

ఈ నమూనాను తర్వాత ఎన్నో దేశాల పరిశోధకులు తమ ప్రయోగాలకు పునాదిగా వాడుకున్నారు. కొత్త పదార్థమేదీ కనిపెట్టకుండానే ఒక విశ్వవిద్యాలయ బృందం ఈ రంగాన్ని ఇంతగా ముందుకు నడిపిందన్న సంగతి మన మెకానికల్, ఎలక్ట్రికల్ విద్యార్థులకు చెప్పవలసిందని నా అభిప్రాయం. ఫ్యూయల్ సెల్ అంటే కెమిస్ట్రీ వాళ్ల పని అన్న అపోహ మన కళాశాలల్లో గట్టిగానే ఉంది.

ప్రశ్న: ఫ్యూయల్ సెల్ నుంచి వచ్చేది నీరే కదా, దానివల్ల నష్టమేముంటుంది? (రసాయనశాస్త్ర ఉపాధ్యాయురాలు, తెనాలి)

జవాబు: నీరు తక్కువైనా నష్టమే, ఎక్కువైనా నష్టమే. పాలిమర్ పొర తడిగా ఉంటేనే ప్రోటాన్లను సాగనిస్తుంది. ఎండితే నిరోధం పెరుగుతుంది, చివరికి పగుళ్లు వస్తాయి. అదే నీరు కాథోడ్ దగ్గర పేరుకుపోతే గాలి వెళ్లే సన్నని రంధ్రాలు మూసుకుపోతాయి.

గట్టిగా బిగించిన లోహపు పలకల మధ్య నీరు ఎక్కడ నిలుస్తోందో చూడడం ఎలా? పెన్సిల్వేనియా స్టేట్ విశ్వవిద్యాలయంలో దీనికి రెండు దారులు తొక్కారు. చావో-యాంగ్ వాంగ్ బృందం ఒక పక్క పారదర్శకంగా ఉండే సెల్‌ను తయారుచేసి, నడుస్తున్న సెల్‌ను సూక్ష్మదర్శినితో చిత్రీకరించింది. పొర పక్కన వాయువును పంచడానికి పెట్టే నల్లటి కార్బన్ కాగితం మీద ముందు సన్నని తుంపరలాంటి చుక్కలు కనిపిస్తాయి. అవి ఎక్కడపడితే అక్కడ కాక కొన్ని ఎంపిక చేసుకున్న చోట్లే మళ్లీ మళ్లీ మొలుస్తాయి. చుక్క పెరిగి, గాలి తోపుకు ఒక పక్కకు ఒరిగి, కొంత పరిమాణం దాటాక ఊడి కొట్టుకుపోతుంది. గాలి వేగం చాలకపోతే ఊడకుండా, గాలి పారే కాలువ గోడకు అంటుకొని, పక్క చుక్కలతో కలిసి, కాలువనే మూసేస్తుంది. అదే విశ్వవిద్యాలయంలో మాథ్యూ మెంచ్ బృందం ప్రాంగణంలోని పరిశోధన రియాక్టర్ నుంచి వచ్చే న్యూట్రాన్లను వాడుకుంది. న్యూట్రాన్లు అల్యూమినియం పలకల గుండా సులువుగా దూసుకుపోతాయి. నీటిలోని హైడ్రోజన్ మాత్రం వాటిని చెదరగొడుతుంది. అందువల్ల మూసి ఉన్న సెల్‌లో నీరున్న చోటు చిత్రంలో మచ్చగా తేలుతుంది.

ఇలాంటి పరిశీలనలతోనే కాలువల ఆకారం, కార్బన్ కాగితానికి పూసే టెఫ్లాన్ మోతాదు, పొర పక్కన వేసే అతి సన్నని రంధ్రాల పొర వంటివి అంచనాల మీద కాకుండా ఆధారాలతో నిర్ణయించే వీలు కలిగింది. చలిదేశాల్లో ఇంకో బాధ కూడా ఉంది. కారు ఆపాక లోపల మిగిలిన నీరు గడ్డకడితే మరునాడు ఉదయం స్టాక్ మొదలు కాదు. అందుకే కారు ఆపిన తర్వాత కూడా కాసేపు గాలి ఊది నీటిని బయటికి నెట్టే ఏర్పాటు చేస్తారు.

ప్రశ్న: మా ఊళ్లో మే నెలలో 45 డిగ్రీలు దాటుతుంది. జపాన్, జర్మనీ వాతావరణంలో తయారైన ఫ్యూయల్ సెల్ ఇక్కడ నిలుస్తుందా? (సింగరేణి విశ్రాంత ఉద్యోగి, రామగుండం)

జవాబు: మీ అనుమానం సరైనదే. చలిలో మొదలుపెట్టడం గురించి విదేశీ పత్రికలు ఎంతో రాస్తాయి. మన సమస్య వేడి. పెట్రోలు ఇంజను పుట్టించే వేడిలో పెద్ద భాగం పొగగొట్టం గుండా పోతుంది. ఫ్యూయల్ సెల్ నుంచి బయటికి వచ్చే గాలిలో, ఆవిరిలో అంత వేడి ఉండదు. దాదాపు అంతా రేడియేటరే లాగాలి. పైగా స్టాక్ సుమారు 80 డిగ్రీల దగ్గర పనిచేస్తుంది. బయట 45 ఉంటే తేడా 35 డిగ్రీలే. వంద డిగ్రీలు దాటి పనిచేసే పెట్రోలు ఇంజను కూలెంట్‌కు అదే రోజున 55 డిగ్రీలకు పైగా తేడా దొరుకుతుంది. తేడా తగ్గినకొద్దీ రేడియేటర్ పెద్దదవ్వాలి, ఫ్యాన్ ఎక్కువ తిరగాలి. కూలెంట్ కూడా మామూలుది పనికిరాదు. వందల ఓల్టులున్న స్టాక్‌లో తిరిగే ద్రవం కనుక అది విద్యుత్తును ప్రసరించకూడదు. ఆ ద్రవంలో చేరే అయాన్లను ఎప్పటికప్పుడు వడకట్టాలి.

స్టాక్‌నే ఎక్కువ వేడిలో నడిపితే సరిపోతుంది కదా అనిపిస్తుంది. ఒహాయో రాష్ట్రంలోని కేస్ వెస్టర్న్ రిజర్వ్ విశ్వవిద్యాలయంలో రాబర్ట్ సావినెల్ తదితరులు 1990లలో ఫాస్ఫారిక్ ఆమ్లంలో నానబెట్టిన పాలీబెంజిమిడజోల్ పొరను రూపొందించారు. అది 150 డిగ్రీలు దాటినా పనిచేస్తుంది, దానికి నీటి తడి అక్కర్లేదు. కానీ చల్లగా ఉన్నప్పుడు ద్రవరూపంలో చేరే నీరు ఆమ్లాన్ని కడిగేస్తుంది కాబట్టి, ముందు బాగా వేడెక్కించాకే స్టాక్‌ను నడపాలి. రోజుకు నాలుగుసార్లు ఆపి మొదలుపెట్టే కారుకు అది ఇబ్బంది. ఈ రెంటికీ మధ్య, 100 నుంచి 120 డిగ్రీల దాకా ఎండిపోకుండా పనిచేసే పొర కోసం వెతుకులాట సాగుతూనే ఉంది. నన్నడిగితే మన దేశపు ప్రయోగశాలలు అన్నిటికన్నా ముందు పట్టుకోవలసిన పని ఇదే. మన రోడ్ల దుమ్ము, మన నగరాల గాలిలోని సల్ఫర్ డయాక్సైడ్, అమ్మోనియా కూడా ఇందులోకే వస్తాయి. అవి సెల్‌లో రసాయన చర్యను వేగవంతం చేసే ఉత్ప్రేరకమైన ప్లాటినం మీద అతుక్కుపోయి, పొరను పాడుచేసి, సెల్‌ను నీరసింపజేస్తాయి. హవాయి విశ్వవిద్యాలయం ఇటువంటి గాలి కాలుష్యాల ప్రభావాన్ని ఒక్కొక్కటిగా పరీక్షించింది. మన కూడళ్ల గాలి కలగలుపుతో అలాంటి పరీక్షలు ఇక్కడ విస్తృతంగా జరగాలి.

ప్రశ్న: ప్లాటినం వాడే కారు సామాన్యుడికి ఎప్పటికైనా అందుతుందా? (బంగారు నగల వ్యాపారి, ప్రొద్దుటూరు)

జవాబు: మీ వృత్తికి తగిన ప్రశ్నే. ఒకప్పుడు ఒక్కో ఎలక్ట్రోడ్‌లో, అంటే ఆనోడ్‌లో గానీ కాథోడ్‌లో గానీ, చదరపు సెంటీమీటరుకు 4 మిల్లీగ్రాముల ప్లాటినం పూసేవారు. 100 కిలోవాట్ల స్టాక్‌కు, చదరపు సెంటీమీటరుకు ఒక వాట్ చొప్పున వస్తుందనుకుంటే, లక్ష చదరపు సెంటీమీటర్లు కావాలి. అంటే ఒక్క ఎలక్ట్రోడ్‌కే 400 గ్రాములు. అందులో చాలా భాగం దండగ అయ్యేది. ప్లాటినం రేణువు పనిచేయాలంటే దానికి వాయువు తగలాలి, ఎలక్ట్రాన్లు కదలడానికి కార్బన్ తగలాలి, ప్రోటాన్లకు పాలిమర్ దారి తగలాలి. లోపలెక్కడో ఉన్న రేణువులకు ఈ మూడోది అందేది కాదు. 1980లలో లాస్ అలమోస్ ప్రయోగశాలలో, దాన్ని అప్పట్లో కాలిఫోర్నియా విశ్వవిద్యాలయమే నిర్వహించేది, ఇయాన్ రైస్ట్రిక్ పొర తయారయ్యే పాలిమర్‌నే ద్రావణంగా చేసి ఎలక్ట్రోడ్ మీద పూశారు. సుప్రమణ్యం శ్రీనివాసన్ బృందం అక్కడా, ఆపై టెక్సస్ ఏ అండ్ ఎం విశ్వవిద్యాలయంలోనూ ఆ పద్ధతిని సానబట్టింది. అదే పని 0.4 మిల్లీగ్రాములతో సాధ్యమైంది. ఒక పూతతో పది రెట్లు ఆదా అన్నమాట. ఆ తర్వాత పలచని ఉత్ప్రేరక పొరలు, కోబాల్ట్ కలిపిన ప్లాటినం వచ్చి ఇప్పటి కార్లలో మొత్తం ప్లాటినాన్ని కొన్ని పదుల గ్రాములకు దించాయి. ఇంకా తగ్గించి, పెట్రోలు కారు పొగగొట్టంలోని కాటలిటిక్ కన్వర్టర్‌లో వాడేంతకు తేవాలన్నది లక్ష్యం.

ప్లాటినమే లేకుండా చేసే ప్రయత్నాలూ ఉన్నాయి. 2009లో కెనడాలోని క్యూబెక్‌లో ఐఎన్‌ఆర్‌ఎస్ అనే పరిశోధన సంస్థకు చెందిన జాన్-పోల్ దోదలే బృందం కార్బన్ సూక్ష్మరంధ్రాల్లో ఇనుము, నైట్రోజన్ పొదిగిన ఉత్ప్రేరకాన్ని ప్రకటించింది. మొదట్లో దాని చురుకుదనం ప్లాటినాన్ని తలపించింది. కానీ వాడకంలో త్వరగా నీరసించింది. చవకైన ఇనుముతో వేల గంటలు నిలిచే ఉత్ప్రేరకం చేయగలిగినవారు ఈ రంగం లెక్కలన్నీ తిరగరాస్తారు. ఇక మీ ప్రశ్నకు సూటి జవాబు: ఈనాడు కారు ధరను పెంచుతున్నది ప్లాటినం ఒక్కటే కాదు. 700 బార్ల పీడనాన్ని తట్టుకునే కార్బన్ ఫైబర్ ట్యాంకులు, తక్కువ సంఖ్యలో తయారయ్యే పొరలు, పలకలు కూడా అందులో గట్టి వాటాదారులే.

ప్రశ్న: స్టాక్ ఎన్నేళ్లు మన్నుతుంది? (ట్యాక్సీ యజమాని, విజయవాడ)

జవాబు: ఏళ్లలో కాదు, గంటల్లో లెక్కిస్తారు. అమెరికా ఇంధన శాఖ కార్లకు పెట్టుకున్న లక్ష్యం 5,000 గంటలు, అంతిమంగా 8,000 గంటలు. సొంత కారుకు అది చాలు. రోజుకు పన్నెండు గంటలు తిరిగే ట్యాక్సీకి 5,000 గంటలు ఏడాదిన్నర కూడా రావు. భారీ ట్రక్కులకు 25,000 గంటలు, ఆ పైన అడుగుతున్నారు.

అరుగుదల ఎక్కువగా నిలకడగా నడిచేటప్పుడు కాదు, మార్పుల వేళ జరుగుతుంది. ఓల్టేజీ పైకీ కిందికీ ఊగినప్పుడల్లా ప్లాటినం కొద్దికొద్దిగా కరిగి, పెద్ద రేణువులుగా మళ్లీ గట్టిపడుతుంది. పనిచేసే ఉపరితలం తగ్గుతుంది. కారు ఆగి ఉండగా హైడ్రోజన్ ఉండవలసిన చోటికి గాలి చేరుతుంది; తిరిగి మొదలుపెట్టినప్పుడు ఆ పక్క కొంత హైడ్రోజన్, కొంత గాలి ఉన్న కొద్ది క్షణాల్లో కాథోడ్‌లో కొంతభాగం దగ్గర పొటెన్షియల్ మామూలుకన్నా బాగా పెరిగి, ప్లాటినానికి ఆధారమైన కార్బనే తినివేయబడుతుంది. దీన్ని సెల్ లోపల మందుతో కాక వ్యవస్థ నడకతోనే చాలావరకు నివారిస్తారు: ఆపే వేళ గాలి కవాటాలు మూసి మిగిలిన ఆక్సిజన్‌ను ఖర్చుచేయడం, ఖాళీగా నిలిచినప్పుడు ఓల్టేజీ మరీ పైకి పోకుండా బ్యాటరీలోకి కొంత కరెంటు మళ్లించడం వంటివి.

ప్రశ్న: హైడ్రోజన్ ట్యాంకు మీద కూర్చొని ప్రయాణించడం బాంబు మీద కూర్చోవడం కాదా? (గృహిణి, కర్నూలు)

జవాబు: 2001లో మయామీ విశ్వవిద్యాలయంలో మైఖేల్ స్వేన్ ఒక ప్రయోగం చేసి వీడియో తీశారు. ఒక కారులో హైడ్రోజన్ లీకును, ఇంకో కారులో పెట్రోలు లీకును ఉద్దేశపూర్వకంగా అంటించారు. హైడ్రోజన్ మంట నిలువుగా పైకి ఎగసి, ఇంధనం అయిపోగానే చల్లారింది; ఆ కారు వెనుక అద్దం ఉష్ణోగ్రత 50 డిగ్రీలు కూడా దాటలేదు. పెట్రోలు కారు కింద మంట పరుచుకొని కారంతా కాలిపోయింది. హైడ్రోజన్ గాలికన్నా ఎంతో తేలిక కావడమే దీనికి కారణం.

దీనర్థం భయం అక్కర్లేదని కాదు. ఆ ప్రయోగం ఆరుబయట జరిగింది. మూసిన గ్యారేజీలో లెక్క వేరు: గాలిలో 4 నుంచి 75 శాతం వరకు ఏ పాళ్లలో ఉన్నా హైడ్రోజన్ అంటుకుంటుంది, అతి చిన్న నిప్పురవ్వ చాలు. 2019లో నార్వేలోని ఓస్లో దగ్గర ఒక హైడ్రోజన్ బంకులో పేలుడు జరిగింది. అధిక పీడన ట్యాంకు మూతకు బోల్టులు సరిగా బిగించకపోవడమే కారణమని విచారణలో తేలింది. ప్రమాదం కార్లకన్నా బంకుల నిర్వహణలో ఎక్కువని నా అంచనా.

ప్రశ్న: ఇదంతా విదేశాల కథ. మన దేశంలో ఎవరైనా చేస్తున్నారా? (పోటీ పరీక్షల అభ్యర్థి, కరీంనగర్)

జవాబు: చేస్తున్నారు. హైదరాబాద్ బాలాపూర్ కేంద్రంగా ఉన్న ఏఆర్‌సీఐ అనే పరిశోధన సంస్థకు చెన్నైలో, ఐఐటీ మద్రాస్ రీసెర్చ్ పార్కులో, ఫ్యూయల్ సెల్ సాంకేతిక కేంద్రం ఉంది. పొర-ఎలక్ట్రోడ్ కూర్పుల నుంచి పూర్తి స్టాక్‌ల దాకా అక్కడ తయారీ పద్ధతులను అభివృద్ధి చేశారు. పుణెలోని జాతీయ రసాయన ప్రయోగశాల, కారైకుడిలోని కేంద్రీయ విద్యుత్ రసాయన పరిశోధన సంస్థ చాలా ఏళ్లుగా పొరల మీద, ఉత్ప్రేరకాల మీద పనిచేస్తున్నాయి. 2020 అక్టోబరులో సీఎస్‌ఐఆర్, కేపీఐటీ సంస్థ కలిసి దేశీయంగా రూపొందించిన 10 కిలోవాట్ల స్టాక్‌ను ఒక ఎలక్ట్రిక్ కారులో అమర్చి పుణెలో నడిపి చూశాయి. 2023 జనవరిలో కేంద్ర మంత్రివర్గం 19,744 కోట్ల రూపాయల జాతీయ హరిత హైడ్రోజన్ మిషన్‌ను ఆమోదించింది. అనకాపల్లి జిల్లా పూడిమడక దగ్గర ఎన్‌టీపీసీ హరిత హైడ్రోజన్ కేంద్రానికి 2025 జనవరిలో శంకుస్థాపన జరిగింది. ఇవి పరీక్షలకు పనికొచ్చే వివరాలు. కానీ మిషన్ ప్రధాన దృష్టి హైడ్రోజన్ ఉత్పత్తి మీద, ఎరువులు, రిఫైనరీలు, ఉక్కు వంటి పరిశ్రమల మీద ఉందన్నది కూడా గుర్తుంచుకోవాలి. కార్లు ఆ వరుసలో ముందు లేవు.

ప్రశ్న: అంత కష్టపడే బదులు బ్యాటరీ కారే మేలు కదా? (ప్రభుత్వోద్యోగి, నల్లగొండ)

జవాబు: నగరంలో తిరిగే సొంత కారుకు మేలే. నీటి నుంచి కరెంటుతో ఒక కిలో హైడ్రోజన్ తీయడానికి 50 యూనిట్లకు పైగా ఖర్చవుతుంది. ఆ తర్వాత దాన్ని నొక్కి నింపడానికి ఇంకొంత. దానితో కారు సుమారు వంద కిలోమీటర్లు పోతుంది. అంత దూరానికి బ్యాటరీ కారుకు 20 యూనిట్లు సరిపోతాయి. సహజవాయువు నుంచి తీసిన హైడ్రోజన్ అయితే కిలోకు తొమ్మిది, పది కిలోల కార్బన్ డయాక్సైడ్ ఫ్యాక్టరీ దగ్గరే గాలిలో కలుస్తుంది. 2024లో షెల్ సంస్థ కాలిఫోర్నియాలో కార్ల కోసం నడిపిన హైడ్రోజన్ బంకులను మూసివేయడం కూడా ఈ గాలివాటాన్నే చూపుతోంది. మరోపక్క, ఐదు నిమిషాల్లో నిండి, వందల కిలోల బ్యాటరీ బరువు లేకుండా దూరాలు పోవలసిన ట్రక్కుల దగ్గర హైడ్రోజన్‌కు ఇంకా వాదన మిగిలి ఉంది. కార్ల కోసం మొదలైన విశ్వవిద్యాలయాల పరిశోధన ఇప్పుడు అటు మళ్లుతోంది.

ప్రశ్న: బీటెక్ మూడో ఏడాది చదువుతున్నాను. ఖరీదైన పరికరాలు లేని కళాశాలలో ఈ రంగంలోకి అడుగుపెట్టడం ఎలా? (విద్యార్థి, అనంతపురం)

జవాబు: విద్యార్థులు ఈ రంగంలో చేసిన పనులు చిన్నవి కావు. 2005లో జ్యూరిక్‌లోని ఈటీహెచ్ విశ్వవిద్యాలయ విద్యార్థులు, పరిశోధకులు తయారుచేసిన పాక్-కార్ 2 అనే తేలికపాటి ఫ్యూయల్ సెల్ వాహనం, లీటరు పెట్రోలుతో సమానమైన శక్తితో 5,385 కిలోమీటర్లు ప్రయాణించగల పొదుపు చూపింది. 2009లో ఒహాయో స్టేట్ విశ్వవిద్యాలయ విద్యార్థుల బకై బుల్లెట్ 2, బాన్‌విల్ ఉప్పు మైదానంలో గంటకు 480 కిలోమీటర్లు దాటింది. నెదర్లాండ్స్‌లోని డెల్ఫ్ట్ విద్యార్థుల ఫోర్జ్ బృందం హైడ్రోజన్ రేసు కార్లను తరం తర్వాత తరంగా నిర్మిస్తోంది.

మీరు మొదలుపెట్టవలసింది మాత్రం ఒక చిన్న ప్రయోగం నుంచి. బోధన కోసం అమ్మే ఒక వాట్ లోపు ఫ్యూయల్ సెల్ కిట్, రెండు మల్టీమీటర్లు, మార్చగలిగే నిరోధం చాలు. కిటికీలు తెరిచిన గదిలో, మంట దరిదాపుల్లో లేకుండా చేయాలి. నిరోధాన్ని మెట్లు మెట్లుగా తగ్గిస్తూ, ప్రతి మెట్టు దగ్గర ఓల్టేజీ నిలకడగా వచ్చేదాకా ఆగి, కరెంటును ఓల్టేజీతో జతగా నమోదు చేయండి. గ్రాఫు గీస్తే మొదట నిటారుగా పడే వంపు ఉత్ప్రేరకం సంగతి చెబుతుంది; మధ్యలో దాదాపు తిన్నని వాలు పొర నిరోధాన్ని, చివర కుప్పకూలే భాగం వాయువు అందకపోవడాన్ని చూపుతాయి. ఆ తర్వాత అదే కొలతను గాలి రంధ్రాలు సగం మూసి ఒకసారి, సెల్‌ను ఒక రాత్రి ఎండనిచ్చి ఇంకోసారి తీసి, మూడు గీతల్లో ఏ భాగం ఎంత కదిలిందో పోల్చండి. గణితం మీద ఆసక్తి ఉంటే మిషిగన్ నమూనా సమీకరణాలు ప్రచురితమై ఉన్నాయి. వాటిని కంప్యూటర్‌లో రాసుకొని కంప్రెసర్‌ను ఎలా నడిపితే ఓల్టేజీ తక్కువ పడుతుందో చూడటానికి ఏ పరికరమూ అక్కర్లేదు. బయటి ఉష్ణోగ్రత అంకెను అనంతపురం వేసవికి మార్చి, రేడియేటర్ లెక్క కూడా దానికి జోడించగలిగితే అది మంచి చివరి ఏడాది ప్రాజెక్టు అవుతుంది.